ఈ ఏడాది మా ఇంట్లో

మాఘమాసంలో అమ్మాయి పెళ్లి, శ్రావణంలో గృహప్రవేశం, ఇక ఈ ఏడాదికి ఇంతే చాలనుకుంటుంటే దసరా ముందు ఓ తెల్లవారుజామున మా ఆయనకి గుండెలో మంట. గ్యాసేలే, పోతుందన్నారు, బనీను చెమటతో తడిసి ఎడమ చెయ్యి లాగుతున్నా అదే మాట! ఈ మగవాళ్లకి గ్యాస్ మీద ఎంత నమ్మకమో. ఈసీజీ చూడగానే డాక్టర్ గారు నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్లిపోయారు, స్టెంట్ వేశారు. బయట కుర్చీలో ఆయన ఉంగరం, గొలుసు కొంగున ముడేసుకుని అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్నాను. కార్తీకంలో రత్నగిరి మీద ఇద్దరం పీటల మీద కూర్చుని వ్రతం చేసుకున్నాం. జనం మామూలుగా లేరు, అయినా నాకు ఏ టెన్షనూ లేదు. స్వామి దయ, అంతే. విస్తరాకులో గోధుమరవ్వ ప్రసాదం నెయ్యి కారుతోంది, షుగర్ కూడా ఉంది కదా అని ఆయనకి చిటికెడే పెట్టి మిగతాది అమ్మాయికి కట్టేశాను. దారంతా అలిగారు.