ఉసురు అంటే ఏంటమ్మా?

మా పాపకు తొమ్మిదేళ్లు. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగినా తెలుగు బాగానే అర్థమవుతుంది. కానీ కొన్ని మాటలు ఇంతవరకు దాని చెవిన పడలేదు. పోయిన సెప్టెంబర్ సెలవుల్లో హనుమకొండలో అలాంటి మాట ఒకటి విన్నది.

పక్కింటామె చిక్కుడుకాయలు తుంచుతూ, పాప చేతికి అంటించి ఉన్న గ్లూకోజ్ సెన్సర్ చూసి, "ఇంత చిన్న పిల్లకు షుగరేందక్కా?" అనడిగింది. మా అత్తమ్మ నిట్టూర్చింది. "ఏం జెయ్యాలె చెల్లే. ఆడబిడ్డ ఉసురు ఊకె పోతదా? ఏడు తరాలు తగుల్తది."

ఆ రాత్రి దోమతెరలో పడుకున్నాక పాప అడిగింది: "అమ్మా, ఉసురు అంటే ఏంటి? వైరస్ లాంటిదా?"

ఒకరిని బాధపెడితే వాళ్ల మనసులోంచి వచ్చే బాధ అని ఏదో చెప్పాను. కాసేపు ఊరుకుంది. "ఎవరో ఏడిస్తే నాకు డయాబెటిస్ వచ్చిందా? నేను ఆమెకు సారీ చెబితే పోతుందా?"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఉసురు కథ నేను పెళ్లయిన కొత్తలోనే విన్నాను. మా మామయ్య వాళ్ల నాయిన తన చెల్లెలికి పసుపు కుంకుమల కింద చెరువు కింది రెండెకరాలు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. భర్త పోయాక ఆమె అడగడానికి వస్తే వాకిట్లోంచే పంపేశారు. మత్తడి దగ్గర నిలబడి దోసెడు మన్ను ఎత్తి పోసి వెళ్లిపోయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తర్వాత ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆ మన్ను మీదికే పోతుంది.

పాపకు వచ్చింది టైప్ 1. శరీరాన్ని కాపాడాల్సిన వ్యవస్థే పొరపాటుపడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. తీపి తిన్నందుకు రాదు, ఎవరో ఏడ్చినందుకూ రాదు. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. వాళ్లందరి తాతలూ ఎవరో ఒకరి పొలం తిన్నవాళ్లేనా?

మరునాడు ఇదంతా అత్తమ్మకు చెప్పలేదు. ఆమెకు తెలిసిన దారిలోనే మాట్లాడాను. దొంగగా బతికిన వాల్మీకి, నా పాపంలో పాలు పంచుకుంటారా అని ఇంట్లోవాళ్లను అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు కదా అత్తమ్మా అన్నాను. పుణ్యమూ అంతే. యోగం సగంలో ఆగిపోయినవాడు జ్ఞానుల ఇంట్లో పుడతాడని గీత ఆరో అధ్యాయంలో ఉంది. అయినా అక్కడ అతన్ని ముందుకు నడిపేది పోయిన జన్మలో తాను చేసుకున్న సాధనే, ఆ ఇంటి రక్తం కాదు. రక్తంలోనే వస్తే హిరణ్యకశిపుడికి ప్రహ్లాదుడు ఎట్ల పుట్టాడు?

బమ్మెర పోతన మన పక్క ఊరివాడే అన్నంత చనువుగా ఆ కథ చెబుతుంది అత్తమ్మ. అందుకే ఆ చివరి ఘట్టం గుర్తు చేశాను. తండ్రిని క్షమించమని ప్రహ్లాదుడు వేడుకుంటే, నీలాంటి కొడుకు పుట్టాక నీ తండ్రితో పాటు 21 తరాలు పావనమయ్యాయి అంటాడు నరసింహస్వామి. బిడ్డ వల్ల పైతరాలకు మంచి జరుగుతుందని చెప్పిన కథ అది. మరి పైతరాల తప్పు తెచ్చి బిడ్డ నెత్తిన పెట్టడమేంటి?

అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. "నేను దాన్ని అంటనా బిడ్డా? నా కడుపు కాలి అన్న."

అది నిజం. తొమ్మిదేళ్ల పిల్ల రోజూ సూదులు పొడుచుకుంటుంటే, ఎందుకో తెలియకపోవడం కన్నా ఏదో ఒక కారణం దొరకడమే ఆమెకు నయమనిపించింది.

కానీ ఆ పొలం సంగతి నన్ను వదల్లేదు. పాపం రక్తంలో రాలేదు సరే, పొలం మాత్రం వచ్చింది. అందులో కొంత అమ్మే మా ఆయన ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. మేము మెల్‌బోర్న్ దాకా వచ్చింది ఆ చదువుతోనే. దీనికి జవాబు చెప్పాల్సింది మేమిద్దరం, మా పాప కాదు. ఈ మాట అంటే ఆయన చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

పెత్రమాస (పెద్దల అమావాస్య) నాడు బియ్యమిచ్చేటప్పుడు తాత ముత్తాతల పేర్లు చెప్పాక, "మా తాత చెల్లెలి పేరు కూడా చెప్పండి" అన్నారు అయ్యగారితో. ఆ పేరేంటో ఆయనకు తెలియదు. అత్తమ్మకే తెలుసు. మెల్లగా చెప్పి, లోపలికి వెళ్లి ఇంకో సోలెడు బియ్యం తెచ్చి చాటలో పోసింది.

రెండు రోజుల తర్వాత ఆ తాత చెల్లెలి మనవడి ఇంటికి పరకాల వెళ్లాం. మా ఆయన పొలం మాట ఎత్తారు. అప్పటి రెండెకరాలకు ఇప్పుడు లెక్క కట్టి ఇస్తామన్నారు. ఆ మనవడు ఆ మాటకు వెంటనే ఏమీ అనలేదు. మన్ను పోసిన సంగతి అడిగితే మాత్రం ఆశ్చర్యపోయాడు.

"మా బాపమ్మ మన్ను పోసుడేంది? నాకు తెలిసి గసొంటి మాట ఎన్నడు అనలే. చచ్చేదాక బతుకమ్మకు పుట్టింటి చీర వస్తదని చూసేది."

తిరిగొస్తుంటే కార్లో పాప అడిగింది: "అయితే ఆమెకు చీర ఎవరూ పంపలేదా?"