ఉదయగిరిలో ఏముందని అడిగితే

పది గంటలకే దీపాలు ఆర్పి పడుకున్నాను కానీ కన్ను మూతపడటం లేదు. భోజనాల దగ్గర అన్నయ్యగారు అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

వదినావాళ్ళు దసరా సెలవులకు అరకు వెళ్తున్నారు. ఆ కబుర్లు సాగుతుండగా మా చిన్నవాడు "మామయ్యా, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కూడా పెద్ద కొండ ఉంది, కోట ఉంది, అక్కడికి రండి" అన్నాడు. అన్నయ్యగారు పులుసు కలుపుకుంటూ తల ఎత్తకుండానే "ఉదయగిరిలో చూడటానికి ఏముందిరా? రాళ్ళూ, ముళ్ళకంపలూ" అన్నారు. వాడు నా వంక చూశాడు. నేను ఇంకో చేపముక్క వడ్డించి ఊరుకున్నాను. ఇంటికి వచ్చిన ఆడపడుచు భర్తతో కంచం ముందు వాదనకు దిగే పద్ధతి మా ఇంట్లో లేదు. ఆయన స్వభావమే అంత. మనసులో ఏమీ ఉండదు, నోటికి వచ్చింది అనేస్తారు. అయినా ఆ మాట మా ఊరి గురించి కదా.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. చేతులు కడుక్కుని వచ్చి, వేసవిలో హంపి వెళ్ళినప్పుడు తీసుకున్న ఫొటోలు ఫోనులో చూపించారు. విరూపాక్షుడి గోపురం, రాతి రథం, వరసగా అన్నీ వచ్చాయి. వాటి మధ్యలో కృష్ణాలయం. గోపురం మీద గారతో చేసిన గుర్రాలు, డాళ్ళు పట్టిన సైనికులు. "ఎంత బాగుందో చూడమ్మా, లోపల మాత్రం విగ్రహం లేదు" అన్నారు.

ఆ గుడి ఎందుకు కట్టారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కృష్ణదేవరాయలు మా ఉదయగిరిని గెలిచి, అక్కడి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకువెళ్ళి, 1515లో ప్రతిష్ఠించడానికి కట్టించిన గుడి అది. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాడు. ఆయన అంత ముచ్చటపడి చూపించిన ఆ రాళ్ళన్నీ మా కొండ కథనే చెబుతున్నాయి. హంపి దాకా పోయి ఆ కథ ముందు నిలబడి ఫొటో దిగినవారు, నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండను ముళ్ళకంప అంటే ఎలా ఓర్చుకోవాలి?

నిజం చెప్పాలంటే ముళ్ళకంపలు ఉన్నాయి. ఎండ కూడా ఉంది. వెలికొండల నీడన వానలు అంతంత మాత్రమే. ఆత్మకూరు దాటాక బస్సు కిటికీలోంచి పడమటి వైపు చూస్తే ఆ కొండల వరస మొదట మబ్బులాగా కనబడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ రంగు మారి, రాయి రాయిగా విడివడి, ఉదయగిరి చేరేసరికి ఊరి నెత్తిన నిలబడుతుంది. దుర్గం శిఖరం 3,000 అడుగులకు పైనే. అరకులో ఉన్నంత పచ్చదనం ఇక్కడ లేదు, నేను కాదనను. కానీ కొండ అంటే పచ్చదనం ఒక్కటేనా?

ఆరో తరగతి సెలవుల్లో నాన్న నన్ను మొదటిసారి పైకి తీసుకువెళ్ళారు. తోడు భాయ్ వచ్చారు. ఊళ్ళో కొయ్య గరిటెలు చేసే కుటుంబం ఆయనది. నాన్నకు స్నేహితుడు, ఆ కొండలో ఆయనకు తెలియని చెట్టు లేదు. తెల్లవారకముందే బయలుదేరాం. మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. బురుజుల గోడల్లోంచి చెట్లు మొలిచాయి. దారి పక్కన నేను ఆడుకుంటూ ఒక కొమ్మ విరిచాను. భాయ్ ఆగి, "అది నర్ది, అమ్మా. ఊరికే విరవకూడదు, దాంతో మా ఇంట్లో అన్నం ఉడుకుతుంది" అన్నారు. కోప్పడలేదు. ఆ కొమ్మను పారేయనివ్వలేదు కూడా, తన సంచిలో పెట్టుకున్నారు.

మిట్టమధ్యాహ్నం ఒక ద్వారం నీడలో కూర్చున్నాం. నాన్న సద్ది మూట విప్పుతుంటే భాయ్ ఆ కొమ్మ తీసి చాకుతో చెక్కడం మొదలుపెట్టారు. ముందు బెరడు పోయింది. తర్వాత ఒక కొస వెడల్పు చేసి, మధ్యలో చాకు మొన ఆనించి కొమ్మను తిప్పుతూ పోయారు. సన్నని పేళ్ళు చుట్టలు చుట్టుకుని ఆయన ఒళ్ళో పడుతున్నాయి. చూస్తుండగానే గుంట ఏర్పడింది, కాడ వచ్చింది. ఆకురాయి పట్టలేదు కాబట్టి గరుకుగా ఉంది. ఆ చెంచాతో నేను పెరుగన్నం తిన్నాను. పచ్చి కొయ్య వగరు పెరుగులోకి దిగింది. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉదయగిరి కొయ్య సామానుకు తర్వాత భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఆయన ఒళ్ళోని ఆ పేళ్ళే.

ఆ రోజే నాన్న కోట కథ చెప్పారు. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న కోటను రాయలు దాదాపు ఏడాదిన్నర చుట్టుముట్టి 1514లో పట్టుకున్నాడు. ఆ జులైలోనే తిరుమల వెళ్ళి స్వామికి కనకాభిషేకం చేయించాడు. తర్వాత గోల్కొండ వాళ్ళు వచ్చారు, కొండ మీద మసీదు వచ్చింది. ఆ తర్వాత జాగీర్దార్లు. 1839లో ఇంగ్లీషువాళ్ళు కుట్ర నేరం మోపి ఆఖరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించేశారు. చెబుతూ చెబుతూ నాన్న భాయ్ వంక చూస్తే, ఆయన "అవును మాస్టారూ" అంటూ తల ఊపుతున్నారు. ఇద్దరికీ ఆ కోట సొంతమే.

ఇక అసలు కోపం. క్రితంసారి పుట్టింటికి పోయినప్పుడు తమ్ముడితో సగం దాకా ఎక్కాను. ద్వారం లోపలి గోడ మీద తారుతో రాసిన పేర్లు. ప్రేమికుల పేర్లు, కాలేజీల పేర్లు, ఒకచోట ఏదో దుకాణం ఫోను నంబరు. ఇంకొంచెం పైన గుప్తనిధుల కోసం తవ్విన గుంత. అక్కడ నేలలో పరిచిన రాళ్ళు పెళ్ళగించి పక్కన పడేశారు. మంచినీళ్ళ సీసాలు, విస్తళ్ళు. ఐదు వందల ఏళ్ళకు పైగా ఎండకూ వానకూ నిలిచిన కట్టడం మనుషుల చేతికి నిలవడం లేదు. తమ్ముడు "రోడ్డు వేస్తే బాగుపడుతుందక్కా, నలుగురూ వస్తారు, కాపలా ఉంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నడిచి ఎక్కే నలుగురికే ఇంత పని చేయడం వస్తే, కారులో వచ్చే నాలుగు వందల మందికి ఎంత వస్తుంది? రోడ్డు వద్దే వద్దు, కొండను అలాగే వదిలేయండి అన్నాను. ఈ రోజు అన్నయ్యగారి మాట విన్నప్పుడు కూడా మొదట అదే అనుకున్నాను. వద్దు, మీరెవరూ రావద్దు, అరకుకే పోండి.

ఇంతవరకు రాసి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను.

న్యూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసిన వృత్తాంతంలో ఉదయగిరి ముట్టడి గురించి ఒక సంగతి ఉంది. కోటకు ఒకే దారి, అదీ ఒక్కొక్క మనిషి మాత్రమే పోగలిగినంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి, కొండలు తొలిపించి అక్కడ వెడల్పాటి బాట వేయించాడట. ఇంకా చాలా బాటలు వేయించాడట. 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులు వచ్చాయని రాశాడు. కోటలో 10,000 మంది, 400 గుర్రాలు. ఆకలితో లొంగదీయడం తప్ప మరో మార్గం లేనంత గట్టి కోట అని కూడా రాశాడు. అంటే ఈ కొండకు దారి వేయడం ఐదు శతాబ్దాల నాటి ముచ్చట. నేను కొండను ముట్టుకోవద్దు అంటున్నాను, నాన్న చూపించిన కొండే ముట్టుకుని చెక్కినది.

అమ్మ మాటా గుర్తొచ్చింది. పెళ్ళయి ఆ ఊరు వచ్చిన దగ్గర నుంచి వాకిలి ఊడుస్తూ ఆ కొండను చూస్తోంది. ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. ముందు పిల్లలు, తర్వాత అత్తగారి సేవ, ఇప్పుడు మోకాళ్ళు. "పైనుంచి మన ఇల్లు కనిపిస్తుందా?" అని అడిగింది ఒకసారి. కనిపిస్తుంది. దారి వద్దని నేను పట్టుబడితే, అమ్మ ఆ కొండను వాకిట్లోంచే చూస్తూ ఉండిపోవాలి. ఎక్కగలిగినవాళ్ళకే ఈ కోట అని నిర్ణయించడానికి నేనెవరిని?

కాబట్టి ఈ రాత్రికి నా మాట ఇది. కింది ద్వారం దాకా బండి పోయేలా బాట ఉండాలి. అక్కడ కావలి మనిషి ఉండాలి, సంచులు చూసి తారుడబ్బాలూ గడ్డపారలూ లోపలికి పోనివ్వకూడదు. అక్కడి నుంచి పైకి నడకే. ఊళ్ళో గరిటెలు చేసేవాళ్ళ అంగళ్ళు ఆ ద్వారం దగ్గరే ఉండాలి, బయట నుంచి వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు కాదు. తమ్ముడికి రేపు ఫోను చేసి ఇంతా చెప్పాలి. వాడు పంచాయతీలో ఉన్న తన స్నేహితుడితో మాట్లాడతాడు.

అన్నయ్యగారిని కార్తీకమాసంలో భైరవకోనకు పిలుస్తాను. అక్కడ గుహాలయాల దాకా బండి పోతుంది, వదిన కూడా నడవగలదు, ఒకే రాతికొండలో తొలిచిన శివాలయాలు చూస్తే ఆయన నోరు మూతపడుతుంది. తిరుగు దారిలో ఉదయగిరిలో అమ్మ దగ్గర భోజనం. పులుసు అమ్మే చేస్తుంది. అప్పుడు మాత్రం నేను ఊరుకోను, హంపి ఫొటో ఆయన ఫోనులోంచే తీయించి కథంతా చెబుతాను.