అన్ని పార్టులూ బాగున్నాయి, రేడియో మాత్రం పలకలేదు

ఎవరూ చెప్పకుండా ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాళ్లకి ఒక కష్టం బాగా తెలుసు. కట్టింది పనిచెయ్యకపోతే తప్పు ఎక్కడుందో చెప్పే మనిషి ఉండడు. పార్టు పోయిందా, కలపడంలో తేడా వచ్చిందా, అసలు సర్క్యూట్ బొమ్మే మనకి సరిగ్గా అర్థం కాలేదా? ఏడో తరగతిలో బ్యాటరీ అక్కర్లేని క్రిస్టల్ రేడియో మొదలుపెట్టినప్పుడు ఈ మూడు ప్రశ్నల మధ్యే తిరిగాను.

1980ల చివరి మాట. మాది తెనాలి దగ్గర పల్లె. ఊళ్లో రేడియో రిపేరు షాపు ఒకటుండేది గానీ, పిల్లల్ని గడప ఎక్కనిచ్చేవాళ్లు కాదు. శాఖా గ్రంథాలయంలో అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. బ్యాటరీ లేకుండా పలికే ఆ రేడియో సర్క్యూట్ బొమ్మ అందులో ఉంది. తీగచుట్ట, స్టేషన్ పట్టడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్, కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్, హెడ్‌ఫోన్. ఇంతే. ఏరియల్‌కి పొడుగాటి తీగ, ఎర్త్‌కి తడినేల కావాలి. డాబా మీద నుంచి కొబ్బరిచెట్టుకి తీగ కట్టాను. ఎర్త్‌కి బోరింగు పంపు గొట్టం ఉండనే ఉంది. గ్యాంగూ, ఓఏ79 అనే జెర్మేనియం డయోడూ పాత ట్రాన్సిస్టర్ రేడియో బోర్డులోంచి ఊడదీశాను.

తీగ కోసం మోటారు వైండింగు షాపుకి వెళ్లాను. అక్కడ రాగి తీగ తూకానికి అమ్ముతారు. వాళ్ల పని చూస్తూ నిలబడితే ఒక సంగతి కనబడింది: తీగని తీగకి కలిపే ముందు ప్రతిసారీ కొసల్ని చాకుతో గీకుతున్నారు. రాగిలాగే మెరిసే ఆ తీగకి పైన పల్చటి వార్నిష్ పూత ఉంటుంది. అది పోతే గానీ కరెంటు పారదు. పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. పని తెలిసినవాళ్ల చేతుల్ని చూస్తే వచ్చే చదువు వేరు.

అన్నీ కలిపి, టేప్ రికార్డర్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. చప్పుడే లేదు.

పార్టుల్ని పరీక్షించే మల్టీమీటర్ కొనే స్తోమత మాకు లేదు. అయితే ఆ ఇయర్‌ఫోన్‌ని టార్చిలైటు సెల్‌కి తాకిస్తే 'టక్' మంటుందని గమనించాను. చెవి అదిరిపోతుంటే మధ్యలో గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలున్న రెసిస్టర్, అంటే కరెంటుకి అడ్డుపడే పార్టు, పెట్టాను. ఆ రంగుల వరసకి వెయ్యి ఓమ్‌ల అడ్డు అని అర్థం. చప్పుడు మెత్తబడింది. సెల్, రెసిస్టర్, ఇయర్‌ఫోన్ కలిసి నా మీటరైపోయాయి. తీగచుట్ట రెండు కొసలకీ తాకిస్తే టక్ మంది, అంటే తీగ ఎక్కడా తెగలేదు. గ్యాంగ్‌కి తాకిస్తే టక్ మనలేదు, అంటే లోపల రేకు రేకుకి తగలట్లేదు. డయోడ్ ఒక వైపు టక్ మని, తిప్పి పెడితే దాదాపు మూగబోయింది. డయోడ్ అలాగే ఉండాలి. ఇయర్‌ఫోన్ బాగుందని చెప్పడానికి ఆ చప్పుడే సాక్ష్యం. అన్నీ బాగున్నాయి, కలిపితే మాత్రం పలకదు. పాడైన పార్టు దొరికుంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదు.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఒక లెక్క. ఇంట్లో రేడియో పెడితే, విజయవాడ కేంద్రం 358.4 మీటర్లు, 837 కిలోహెర్ట్జ్ అని చెప్పేవారు. మొదటిది అల పొడుగు, రెండోది సెకనుకి ఎన్ని వేల అలలో చెప్పే అంకె. హైదరాబాదుకి 406.5 మీటర్లు, 738 కిలోహెర్ట్జ్. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతోంది కదా అని రెండింటినీ గుణించాను. విజయవాడకి 2,99,980.8 వచ్చింది. హైదరాబాదుకి 2,99,997. రెండూ మూడు లక్షలకి వెంట్రుకవాసి తేడాలో ఉన్నాయి! సైన్సు పుస్తకంలో కాంతి వేగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లని చదివాను. రేడియోలో రోజూ వినే అంకెల్లో కాంతి వేగం దాగుంది. ఎవరో చెబితే ఒక వాక్యంలో అయిపోయే విషయమే గానీ, సొంతంగా తగిలినప్పుడు పట్టలేనంత సంతోషం వేసింది. అప్పటినుంచి ఎక్కడ అంకె కనబడినా ఊరికే దాటిపోవడం మానేశాను.

ఆ అలవాటే దారి చూపింది. పుస్తకంలో హెడ్‌ఫోన్ బొమ్మ పక్కన 2000 ఓమ్‌లు అని ఉంది. ఎన్నోసార్లు చూసిన పేజీయే. నా ఇయర్‌ఫోన్ మీద 8 ఓమ్‌లని ఉంది. బ్యాటరీ లేని రేడియోకి గాలిలోంచి వచ్చే శక్తి తప్ప ఇంకో ఆధారం లేదు. డయోడ్ దాటొచ్చే కాస్త సిగ్నల్‌కి 8 ఓమ్‌లు తగిలిస్తే, అది దాదాపు షార్ట్ చేసినట్టే, చప్పుడు చెయ్యడానికి ఏమీ మిగలదు. నా అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి బ్యాటరీలతో నడిచే పాత రేడియో ఒకటి విప్పాను. దాని వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుని వేలితో తాకితే స్పీకరు బుర్రుమంటోంది, అంటే అక్కణ్నుంచి చప్పుడు పెంచే ఆంప్లిఫయర్ పనిచేస్తోంది. దాని సొంత స్టేషన్లు వినబడకుండా ముల్లు ఖాళీ చోటికి తిప్పి, నా డయోడ్ కొసని ఆ కాలుకి తగిలించాను. గ్యాంగ్ తిప్పుతుంటే విజయవాడ గది నిండా పలికింది.

నా సెట్టు మొదట్నుంచీ పనిచేస్తూనే ఉంది! వినిపించే వస్తువే దానికి సరిపడలేదు.

చిన్నాన్న హైదరాబాద్ వెళ్తుంటే కాగితం మీద 'క్రిస్టల్ ఇయర్‌ఫోన్' అని రాసిచ్చాను. ఓమ్‌లు బాగా ఎక్కువుండే రకం అది. కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి తెచ్చిపెట్టాడు. దాని రెండు తీగల మధ్యా 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలని అప్పటికే చదువుకున్నాను. సాయంత్రం పాడిపంటలు కార్యక్రమం వస్తుంటే నాయనమ్మ చెవిలో పెట్టాను.

"ఒరే, బ్యాటరీలు ఏడ పెట్టావురా?"

"లేవు నాయనమ్మా."

"లేకపోతే ఎట్టా పలుకుద్దిరా?"

ఏరియల్ తీగ చూపించి, శక్తంతా స్టేషను నుంచే వస్తోందని చెప్పాను. నమ్మలేదు. తీగ ఊడదీసి చూపించాక నమ్మింది.

తర్వాత చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే ట్రాన్సిస్టర్ మీదికి వెళ్లాను. బోర్డులోంచి తీసిన బీసీ148 అనే ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు: బేస్, ఎమిటర్, కలెక్టర్. ఏది ఏదో తెలీదు. మళ్లీ నా టక్ మీటరే దిక్కైంది. ఒక కాలు నుంచి మిగతా రెండింటికీ టక్ మంటే అది బేస్. ఎమిటర్, కలెక్టర్ ఏవో ఆ చప్పుడుతో తేలవు. అందుకని సర్క్యూట్‌లో రెండు రకాలుగానూ పెట్టి విన్నాను. ఎటు పెడితే గట్టిగా పలికిందో ఆ బొమ్మ నోట్‌బుక్కులో గీసుకున్నాను. ఇంటర్‌లో ఉండగా ట్రాన్సిస్టర్ల డేటా బుక్ చేతికొచ్చింది. ముందుగా బీసీ148 పేజీయే తీశాను. కాళ్ల వరస నేను గీసుకున్నట్టే ఉంది.