అయిందా, లేదా?

ఈ రోజంతా చింతపండుతోనే సరిపోయింది. వేసవి మొదట్లో కనిగిరి వైపు నుంచి పిన్ని గోతం చింతపండు పంపిస్తుంది. పొట్టు తీసే ఉంటుంది గానీ గింజలూ ఈనెలూ మన పనే. ఒంగోల్లో దుకాణానికి వెళ్తే గింజ తీసిందే దొరుకుతుంది. ఆ మాట పిన్నికి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

వరండాలో చాప పరిచి అమ్మను కూర్చోబెట్టాను. అమ్మకు 75. మతిమరుపు మొదలై రెండేళ్ళయింది. ఒక్కోసారి నన్ను పిన్ని అనుకుంటుంది. చేతులు మాత్రం ఏదీ మరవలేదు. కత్తిపీట అంచున కాయ పెట్టి చీల్చి, బొటనవేలితో గింజను అలా ఎగదోస్తుంది. నేను ఒకటి తీసేలోపు ఆమెవి మూడవుతాయి.

పదింటికి మొదలుపెట్టింది.

"ఏమే, నాకు బాప్తిస్మం అయిందా?"

"అయిందమ్మా. గుండ్లకమ్మ ఏట్లో."

"ఎప్పుడు?"

"1967లో. నీకు పదిహేడేళ్ళప్పుడు."

"అయితే సరే."

పావుగంటకు మళ్ళీ అదే. అన్నాలవేళకు ఏడుసార్లయింది. మొదట్లో విసుక్కునేదాన్ని, ఒకసారి అరిచాను కూడా. ఇప్పుడు కథంతా చెబుతున్నాను. తెల్ల చీర తడిసి బరువెక్కింది, ఇసకలో ఒక చెప్పు పోయింది, అమ్మమ్మ గట్టున దుప్పటి పట్టుకుని నిలబడింది. ఇవన్నీ అమ్మ నాకు చెప్పినవే. నేను పుట్టకముందు జరిగినదానికి ఇప్పుడు నేనే సాక్షిని.

గుండ్లకమ్మ అంటే మా వైపు క్రైస్తవులకు 1878 గుర్తొస్తుంది. ఆ జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి ఇచ్చారు. కరువు సాయం కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర అంతకుముందు ఏడాది పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ 2,222 మందిలో ఎంతమంది మర్నాడు పొద్దున లేచి 'నాకు నిజంగానే అయిందా?' అనుకున్నారో! నవ్వొస్తుంది గానీ, నేనైతే కచ్చితంగా అనుకునేదాన్ని.

ఎందుకంటే నాది అమ్మ ప్రశ్నే, కాస్త తెలివిగా అడుగుతానంతే. 'అంతము వరకు సహించినవాడు రక్షింపబడును' అన్న బైబిలు వాక్యం చిన్నప్పటి నుంచీ నాకు భయం. ఎవరైనా దాని మీద ప్రసంగం మొదలుపెడితే కడుపులో తిప్పేది. అంతం దాకా నేను ఉంటానా? ఈ మధ్య మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందా అన్న లెక్కే. ఇట్టాంటి ప్రార్థన లెక్కలోకి వస్తుందా? పాస్టరు గారిని అడిగితే ఇంకా ఎక్కువ ప్రార్థించమ్మా అన్నారు. ఆయన తప్పేం లేదు, నేను అడగాల్సింది అడగలేదు.

అసలు అడగాల్సింది అమ్మ గురించి. అమ్మ ఇప్పుడు ప్రార్థన సగంలో ఆపి ఎవరితో మాట్లాడుతున్నానని నన్నే అడుగుతుంది. ఆమె విశ్వాసం ఆమె గుర్తుపెట్టుకోవడం మీదే నిలబడి ఉంటే ఈపాటికి పోయినట్టే. అది పోయిందని మాత్రం నా నోటితో అనలేను. యేసు తన గొర్రెల గురించి 'ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు' అన్నచోట అమ్మ బైబిల్లో ఎర్ర పెన్సిలు గీత ఉంది. గొర్రెకు ఏం గుర్తుండాలో అక్కడ రాసి లేదు. ఈ మధ్యాహ్నం రెండుసార్లు చదివాను. చెయ్యి ఆయనది. మతిమరుపు ఆ చేతికంటే పెద్దదా? నా గ్యాస్ బండ లెక్కలు పెద్దవా?

భయం మొత్తం పోయిందని రాస్తే అబద్ధం. ఆ వాక్యం మీద ప్రసంగం ఆదివారం వస్తే మళ్ళీ కడుపులో తిప్పుతుందేమో.

సాయంత్రానికి పండు ఉప్పు చల్లి జాడీకి ఎత్తాను. చేతులు పుల్లగా, గోళ్ళ సందుల్లో ఈనెలు. అమ్మ ఖాళీ చాప మీద తడుముతోంది, ఇంకా గింజలున్నాయేమోనని.

"ఏమే, నాకు..."

"అయిందమ్మా, గుండ్లకమ్మలో. చెప్పు కూడా పోయింది."

"ఏ కాలిది?"

అది మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు.