పాస్‌బుక్‌లో సున్నా: సర్పంచ్‌గా నా అనుభవం

2021లో సర్పంచ్‌గా గెలిచాక నేను ముందు పెట్టుకున్న పని తాగునీటి బోరు మోటారు బాగు చేయించడం. కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం డబ్బులు పడ్డాయని కార్యదర్శి చెప్పారు. ఆ ధైర్యంతోనే పని చేయించాం. తీరా బిల్లు పెట్టబోతే ఖాతా ఖాళీ.

"మనం తియ్యలేదు మేడం. కరెంటు బకాయిల కింద పైనే సర్దేశారంట" అన్నారాయన. నాకు ఒక్క మాట చెప్పలేదు, పంచాయతీ తీర్మానమూ అడగలేదు. మోటారు మెకానిక్ మాత్రం రోజూ మా ఇంటి ముందు బండి ఆపేవాడు.

మా మామగారు పాత వార్డు మెంబరు. "అరిస్తే ఏమీ రాదమ్మా, కాగితం పెట్టు" అన్నారు. సమావేశం పెట్టి, మా తీర్మానం లేకుండా మా నిధులు ముట్టుకోవద్దని మినిట్స్ పుస్తకంలో రాయించాను. ఇద్దరు మెంబర్లు మనకెందుకులే అని సంతకం పెట్టలేదు. తర్వాత మండలంలో సమాచార హక్కు దరఖాస్తు వేశాను. ఫీజు 5 రూపాయలే. ఏ మీటరుకు, ఏ నెలకు, ఎంత కట్టారో చెప్పమన్నాను. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అప్పీలుకు వెళ్తేగానీ జాబితా రాలేదు.

అసలు కథ ఆ జాబితాలోనే ఉంది. లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని రెండు రోజులు వీధులన్నీ తిరిగాను. ఎప్పుడో ఎండిపోయిన బోరుకు ఇంకా బిల్లు వస్తోంది. ఒక మీటరు పక్క పంచాయతీలో ఉంది. ఇంకొకటి ఎక్కడుందో లైన్‌మన్‌కే తెలియదు! ఫొటోలు, నంబర్లు జతచేసి ఇస్తే ఆ మూడూ మా పద్దులోంచి తీసేశారు. పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ గొప్పదని ఏటా ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, ఉపన్యాసాలు వింటాం. కానీ 243-జి అధికరణంలో రాష్ట్రాలు పంచాయతీలకు అధికారాలు 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. మా తిప్పలన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయని నాకనిపిస్తుంది.

తర్వాత ఆర్థిక సంఘం నిధులకు వేరే ఖాతా తెరిచారు. పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కార్యదర్శి డిజిటల్ సంతకం కీ, నా కీ రెండూ పెడితేనే చెల్లింపు. ఆ కీని డీఎస్సీ కీ అంటారు. ఆ పేరు వినగానే నేను మొదట టీచర్ల పరీక్ష తాలూకు ఏదో అనుకున్నాను. పైగా, దాన్ని పాస్‌వర్డ్‌తో సహా కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో పెట్టి వచ్చేశాను. నలుగురు సర్పంచ్‌లను అడిగితే నలుగురూ అదే పని చేశామన్నారు. పైవాళ్లను తిట్టుకుంటూ తాళంచెవి మేమే అప్పగించామన్నమాట. మర్నాడే వెళ్లి తెచ్చేసుకున్నాను.

మెకానిక్ బిల్లు ఆ కీతోనే కట్టాం. "కీ ఇక్కడే ఉంచండి మేడం, ప్రతిసారీ మీకెందుకు శ్రమ" అన్నాడు ఆపరేటర్.

"పర్లేదు బాబూ, ఫోన్ చెయ్యి, నేనే వస్తా" అన్నాను.