హడూప్‌కు నా పేరు అడ్డొచ్చిన మూడు వారాలు

నిన్న సాయంత్రం నా లాప్‌టాప్‌లో, విండోస్ మీదనే, హడూప్ నడిచింది. చాలా పెద్ద డేటాను ఎన్నో కంప్యూటర్ల మీద పంచి దాచి, లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్ ఇది. బ్రౌజర్‌లో 9870 పోర్టు పేజీ తెరిస్తే ‘లైవ్ నోడ్స్’, అంటే పనిచేస్తున్న యంత్రాలు, అన్నచోట 1 అనే అంకె కనిపించింది. ఆ ఒక్క అంకె కోసం మూడు వారాలు పట్టింది. ఇదే పని మీద కూర్చున్నవారికి ఉపయోగపడుతుందని, జ్ఞాపకం చెదరకముందే రాసిపెడుతున్నాను.

కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు సంస్థలో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. డేటా ఇంజనీరింగ్ వైపు మారాలన్న కోరికతో అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక శిక్షణ సంస్థలో 18,000 రూపాయలు కట్టి వారాంతపు బ్యాచ్‌లో చేరాను. నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు విండోస్ లాప్‌టాప్.

హడూప్ నడవడానికి కావలసిన జావా 8 వేసుకోవడం పది నిమిషాల పని. అయితే దాన్ని ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో వేయకండి; ఆ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ వల్ల జావా హోమ్ (జావా ఉన్న ఫోల్డర్ దారి) తప్పుగా ఉందని హడూప్ మొరాయిస్తుంది. సి డ్రైవ్‌లో ‘జావా’ అని ఒకే మాటతో ఫోల్డర్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

విన్‌యుటిల్స్ దగ్గర రెండు రోజులు పోయాయి. హడూప్ 2006లో లినక్స్ సర్వర్ల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. 2013లో వచ్చిన 2.2 వెర్షన్‌తో విండోస్‌కు మద్దతు చేరింది కానీ, విండోస్‌లో ఫైళ్ల అనుమతులు చూసే విన్‌యుటిల్స్, హడూప్ డీఎల్ఎల్ అనే రెండు ఫైళ్లు నేను దించుకున్న ప్యాకేజీలో లేవు. వాటిని విడిగా తెచ్చి బిన్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి, అవి మన హడూప్ వెర్షన్‌కు సరిపోవాలి. మా సంస్థవారు పెన్‌డ్రైవ్‌లో అందరికీ పంచినవి 2వ తరానివి. పాఠం చెప్పినది 3వ తరం హడూప్ మీద. ఫీజు తీసుకున్నవారు ఆ రెండు ఫైళ్లయినా సరిచూసి ఇవ్వవలసింది.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. రెండవ శనివారం తరగతిలో నేమ్‌నోడ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే భాగాన్ని, ఫార్మాట్ చేయమన్నారు. అందరి తెరల మీద వరుసలు పరుగెత్తి ఆగాయి. నా తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ‘కుడ్ నాట్ ఫైండ్ ఆర్ లోడ్ మెయిన్ క్లాస్’ అని, దాని పక్కనే మా నానమ్మ పేరు. నా పేరు రెండు మాటలు. రెండవ మాట నానమ్మ పేరు. వెనుక వరుసలో కూర్చున్న అబ్బాయి దాన్ని పైకి చదివాడు, తరగతి అంతా నవ్వింది. సార్ వచ్చి చూసి, “మీ పేరే దానికి నచ్చలేదమ్మా” అన్నారు. మళ్లీ ఫార్మాట్ చేయమన్నారు, అదే వాక్యం వచ్చింది. అప్పుడు ఆయన, “ఈ లాప్‌టాప్ బిగ్ డేటాకు పనికిరాదు మేడమ్, 16 జీబీ ర్యామ్ ఉన్నది కొనుక్కుని రండి” అని చెప్పి పక్క బల్లకు వెళ్లిపోయారు. మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ నవ్వే చెవుల్లో ఉంది. తొమ్మిదేళ్లలో ఏ ఆడిట్ ముందూ తల దించుకోవలసిన అవసరం నాకు రాలేదు.

మర్నాడు కంట్రోల్ ప్యానెల్‌లో ఖాతా పేరు మార్చాను. ఫలితం లేదు. అక్కడ మారేది కంటికి కనిపించే పేరు మాత్రమే, లోపల విండోస్ వాడుకునే యూజర్ నేమ్ మొదట పెట్టినట్టే ఉంటుంది. ఇది తెలియడానికి ఒక ఆదివారం మొత్తం ఖర్చయింది.

చివరకు, లెక్క తేలనప్పుడు వోచర్లు ఒక్కొక్కటిగా తిరగేసినట్టే, హడూప్ స్క్రిప్టులను నోట్‌ప్యాడ్‌లో తెరిచి వరుసవరుసనూ చదివాను. హడూప్ ఎన్వ్ అనే ఫైలు అడుగున ‘హడూప్ ఐడెంట్ స్ట్రింగ్’ అనే ఒక వరుస ఉంది, దానికి ఎదురుగా విండోస్ యూజర్ నేమ్ తీసుకోమని రాసి ఉంది. ఆ పేరును కొటేషన్ గుర్తులు లేకుండానే జావా ఆజ్ఞలో అతికిస్తారు. ఖాళీ రాగానే జావా ఆ అంశం ముగిసిందనుకుంటుంది. తరువాత కనిపించిన విడి మాటను తాను నడపవలసిన ప్రోగ్రామ్ పేరుగా తీసుకుంటుంది. అంటే నా కంప్యూటర్ మా నానమ్మ పేరుతో ఒక ప్రోగ్రామ్ ఉందేమోనని వెతికింది, అంతే. ర్యామ్‌కూ దీనికీ సంబంధమే లేదు. ఆ వరుసలో యూజర్ నేమ్ తీసివేసి ఖాళీ లేని ఒకే మాట రాశాను. డేటా ఫోల్డర్ల దారులను కూడా యూజర్ పేరుతో పనిలేకుండా విడిగా ఇచ్చాను. ఫార్మాట్ మొదటిసారికే పూర్తయింది. రాత్రి ఒంటిగంట దాటింది. మా వారిని లేపి మరీ చూపించాను.

దోషం ఇంత చిన్నదైనప్పుడు దాన్ని చదవకుండానే మనిషిని కొత్త లాప్‌టాప్ కొనమనడం బోధన కాదు. ఇంటిపేరు, అసలు పేరు విడివిడిగా రాసుకునే తెలుగువాళ్లు కూర్చునే తరగతిలో ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

హడూప్‌లో పనులను నడిపించే యార్న్ అనే భాగం కూడా యూజర్ పేరుతోనే ఫోల్డర్లు కడుతుంది కనుక, మనసు ఒప్పకపోయినా, ఒకే మాట పేరుతో మరో విండోస్ ఖాతా తెరిచాను. అందులోంచి నేమ్‌నోడ్‌ను మళ్లీ ఫార్మాట్ చేయడం నా తప్పు. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ నేమ్‌నోడ్‌కు క్లస్టర్ ఐడీ అనే కొత్త గుర్తింపు వస్తుంది, డేటాను దాచే డేటానోడ్ ఫోల్డర్‌లో మాత్రం పాతదే ఉంటుంది; రెండూ కలవక డేటానోడ్ మూతపడుతుంది. నేర్చుకునే దశలో లోపల దాచుకోవలసిన డేటా ఏమీ ఉండదు కాబట్టి ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే సరిపోతుంది. యార్న్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్ నుంచే మొదలుపెట్టండి, లేకపోతే అనుమతి చాలదని 1314 అనే ఎర్రర్ వస్తుంది. డేటాకు ఎన్ని నకళ్లు ఉంచాలో చెప్పే రెప్లికేషన్ సంఖ్య సహజంగా 3 ఉంటుంది. ఒక్క యంత్రమే ఉన్నచోట దాన్ని 1 చేసుకోవాలి.

ఆఫీసు పని కోసమైతే విండోస్ మీద నేరుగా పెట్టవద్దనే చెబుతాను. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేసుకుంటే ఉబుంటు అనే లినక్స్ వస్తుంది, అక్కడ యూజర్ పేరు కొత్తగా అడుగుతుంది, విన్‌యుటిల్స్ అవసరమే రాదు. లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే యంత్రానికి, ఎస్ఎస్‌హెచ్ (సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) పనిచేసేలా చూసుకుంటే చాలు. అయితే అది ఉన్న ర్యామ్‌లో సగం వరకు తీసుకోగలదు కనుక, నా లాంటి 8 జీబీ యంత్రంలో దానికి హద్దు పెట్టుకోవాలి. ఇవన్నీ తెలిసి కూడా నేను విండోస్ మీదనే పూర్తిచేశాను. ఈ లాప్‌టాప్ పనికిరాదన్న మాటను ఈ లాప్‌టాప్‌తోనే తప్పని తేల్చాలనుకున్నాను, తేల్చాను.

నిన్న తరగతిలో 300 ఎంబీల ఫైలు ఎక్కించాను. హడూప్ ఫైళ్లను 128 ఎంబీల ముక్కలు చేసే లెక్కన అది మూడు బ్లాకులుగా విడిపోయి పేజీలో కనిపించింది. సార్ చూశారు, “ఎలా చేశారు మేడమ్?” అని అడిగారు. హడూప్ ఎన్వ్ ఫైలు తెరిచి ఆ వరుస చూపించాను. ఆయన ఫోన్‌తో ఫోటో తీసుకున్నారు. ఈ వారమే చేరిన ఒక అమ్మాయి తెర మీద మెయిన్ క్లాస్ దొరకలేదన్న అదే వాక్యం, దాని చివర ఆమె పేరులోని రెండవ మాట కనిపించాయి. నా కుర్చీని ఆమె బల్ల దగ్గరకు జరుపుకున్నాను.