మిర్యాలగూడ మిల్లు డేటాబేస్‌లో ఇండెక్సుల లెక్క

మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లుకు ధాన్యం కొనుగోళ్ల డేటాబేస్‌ను నేను చూసుకుంటున్నాను. యాసంగి కోతలు మొదలై, ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో తూకం చీటీ వెతకడం ఆలస్యమైతే రైతు ఎండలో నిలబడవలసి వస్తుంది కనుక, ఇండెక్సులు (పట్టికలో కావలసిన నమోదును త్వరగా వెతికిపెట్టే సూచికలు) ఎలా పనిచేస్తున్నాయో నిరంతరం గమనించే ఏర్పాటు చేశాను.

మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్’ అనే వ్యూ (పట్టికలా చదువుకోగల సమాచారం) ప్రతి ఇండెక్సు మీద ఎన్ని స్కాన్లు, అంటే వెతుకులాటలు, జరిగాయో చెబుతుంది. దానిని చదివి, కొలతలను సేకరించి దాచే ప్రొమీథియస్‌కు అందించే ఎక్స్‌పోర్టర్ అనే ప్రోగ్రాముకు, అన్నీ చేయగల సూపర్‌యూజర్ అధికారం ఇవ్వకుండా, 10వ వెర్షన్ నుంచి ఉన్న ‘పీజీ_మానిటర్’ రోల్‌ను (గణాంకాలు చదవడానికి ఉద్దేశించిన అధికారాన్ని) మాత్రమే ఇచ్చాను. ఈ జాగ్రత్తను ఎవరూ విడిచిపెట్టరాదని నా గట్టి అభిప్రాయం. ఆ సంఖ్యలు రీసెట్ చేసేవరకు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, కొలతలను గీతలుగా చూపే గ్రాఫానాలో మొత్తాన్ని కాక గంటకు ఎంత పెరిగిందో చూపించి, పక్కనే ఇండెక్సు వాడకుండా పట్టికంతా చదివే సీక్వెన్షియల్ స్కాన్ల గీతను ఉంచాను.

సున్నా కనిపించినంత మాత్రాన ఇండెక్సును తీసివేయకూడదు. యూనిక్ ఇండెక్సులు ఒక్క స్కాన్ లేకున్నా ఒకే చీటీ నంబరు రెండుసార్లు నమోదు కాకుండా కాపాడతాయి; రెప్లికాలో (డేటాబేస్ నకలు ఉండే సర్వర్‌లో) జరిగే వాడకమైతే ప్రైమరీ, అంటే అసలు, సర్వర్ లెక్కలోకి రానే రాదు. పైగా మా రిపోర్టులు కొన్ని వానాకాలం పంటప్పుడే నడుస్తాయి. అందుకే రెండు పంటకాలాలూ గడిచి, 16వ వెర్షన్ నమోదు చేసే చివరి స్కాన్ సమయాన్ని కూడా చూసిన తరువాతనే తొలగింపును ఆలోచిస్తాను.